ఎమ్మెల్యే గారి లేఖ రాస్తున్న అమ్మాయికి

ఒంగోలు,
అక్టోబరు, 2021

అమ్మాయ్,

మీ ప్రతిపక్ష ఎమ్మెల్యే గారి పేరు మీద, ప్రభుత్వాన్ని నిలదీస్తూ జనానికి పంచడానికి నువ్వు రాసిన లేఖ డ్రాఫ్టు వాట్సాప్‌లో రాత్రే చూశాను. ఫోన్‌లో చదివితే నాకేదీ ఎక్కదు. పొద్దున్నే జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని మళ్లీ చదివాను. వాక్యం నీకు బాగానే పట్టుబడింది, అందులో నేను వేలు పెట్టను. కానీ ఇది ఇలాగే కరపత్రమై ఊళ్లలోకి వెళ్తే మీ ఎమ్మెల్యే గారు ఏదో ఒక రచ్చబండ దగ్గర బిక్కమొహం వేయాల్సి వస్తుంది. ఆయనకది ఒక పూట ఇబ్బంది. నీకైతే మొదటి ఉద్యోగంలోనే పేరు పోతుంది.

మొదటి పేరాలోనే "రాష్ట్రంలో నేరాలు 28 శాతం పెరిగాయి, ఇదేనా పాలన?" అన్నావు. ఆ 28 ఎక్కడిదో నాకు తెలుసు. కిందటి నెలలో జాతీయ నేర గణాంకాల సంస్థ, అదే ఎన్‌సీఆర్‌బీ, 2020 నివేదిక విడుదల చేసింది కదా, అందులోది. కాకపోతే అది దేశం మొత్తానికి చెప్పిన అంకె. మన రాష్ట్రానిది వేరే పట్టికలో ఉంటుంది. ఆ పట్టికలు జిల్లా దాకా వస్తాయి గానీ నియోజకవర్గం దాకా రావు, అది కావాలంటే స్టేషన్ల చుట్టూ నువ్వే తిరగాలి. సరే, ఇది తొందరలో జరిగిన పొరపాటు, దిద్దుకోవచ్చు. అసలు తిరకాసు వేరే ఉంది.

2019లో దేశంలో నమోదైన కేసులు 51,56,158. 2020లో 66,01,285. పద్నాలుగున్నర లక్షల దాకా పెరిగాయి. జనమంతా తలుపులు వేసుకుని కూర్చున్న సంవత్సరం అది. ఆ లెక్కన దొంగలు కూడా ఇంట్లోనే ఉన్నారు. మరి ఇన్ని కేసులు ఎక్కడ పుట్టాయి అని నీకు అనుమానం రాలేదా? అదే నివేదికలో ఇంకాస్త కిందికి వెళ్లి ఉంటే దొరికేది. భారత శిక్షాస్మృతిలో, అదే ఐపీసీలో, 188 అని ఒక సెక్షన్ ఉంది, అధికారి ఇచ్చిన ఉత్తర్వును ధిక్కరించడం. 2019లో దాని కింద 29,469 కేసులు. 2020లో 6,12,179. దాని పక్కనే 'ఇతర ఐపీసీ నేరాలు' అని అన్నీ కలిపి వేసిన గంప ఒకటుంది. అదీ రెండున్నర లక్షల దగ్గర నుంచి పదిన్నర లక్షలు దాటింది. ఈ రెండింట్లో పెరిగినవే 13.9 లక్షలు. కూడికలు నువ్వే వేసి చూసుకో. పెరుగుదలలో పెద్ద భాగం కరోనా ఆంక్షలు దాటిన కేసులేనని ఆ నివేదికే చెప్పింది. హత్యలు 29,193, అంటే కిందటేటి కంటే ఒక్క శాతం ఎక్కువ.

ఆ ఆరు లక్షల పన్నెండు వేలల్లో నాకు తెలిసినవాడు ఒకడున్నాడు. మా వీధి చివర ఇడ్లీ బండి పెట్టుకునే ఆవిడ కొడుకు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ సడలింపు టైమ్ అయిపోయిన ఇరవై నిమిషాలకు, తల్లికి షుగర్ మాత్రలు తేవడానికి బండి తీశాడు. సెంటర్లో ఆపారు. డాక్టర్ చీటీ చూపించాడు, వినలేదు. బండి స్టేషన్‌కి పోయింది. అప్పట్లో నేనూ ఒకసారి అటువైపు వెళ్లాను. స్టేషన్ వెనక ఖాళీ జాగాలో వరసగా బళ్లు, సీట్లు ఎండకు పగిలి లోపలి స్పాంజి బయటికొచ్చి ఉన్నాయి, పెట్రోలు ట్యాంకుల మీద సుద్దముక్కతో నంబర్లు. మూడు వారాల తర్వాత వీడి బండి వీడికిచ్చారు. బ్యాటరీ చచ్చిపోయింది. మెకానిక్ షెడ్డు దాకా తోసుకుంటూ పోయాడు. అయిపోయిందనుకున్నాడు పాపం. ఇప్పుడు కోర్టుకు రమ్మని కానిస్టేబుల్ ఫోన్ చేస్తున్నాడు. వాయిదాకు వెళ్లిన రోజు కూలి పోతుంది.

రేపు మీ కరపత్రం అతని చేతికీ వస్తుంది. నేరాలు 28 శాతం పెరిగాయని చదివి, నిజమే, రోజులు బాగాలేవు అనుకుంటాడు. ఆ పెరిగిన నేరం తనేనని అతనికి తెలియదు. రాసేదానివి నీకు తెలియాలి కదా.

ఇది చెప్పే అర్హత నాకెలా వచ్చిందో కూడా విను. పాతికేళ్ల కిందట ఒక నాయకుడికి ప్రెస్‌నోట్లు రాసేవాణ్ణి. ఒక మండలంలో ఏడాదిలో తొమ్మిది హత్యలు జరిగాయి, శాంతిభద్రతలు మంటగలిశాయి అని రాసిచ్చాను. స్టేషన్‌లో రైటర్ దగ్గర 302, 307 కేసుల లెక్క తీసుకుని రెండూ కలిపేశాను. 302 హత్య, 307 హత్యాయత్నం. పైగా ఒకే కొట్లాట మీద అటు కేసు, ఇటు కౌంటర్ కేసు. అవన్నీ నా తొమ్మిదిలోకి వచ్చి పడ్డాయి. మర్నాడు టీ కొట్టు దగ్గర ఒకాయన పేపరు మడిచి నా ముందు పెట్టాడు. "ఏమండీ, మా బావమరిదిని కూడా చంపేశారు. ఇందాకే చద్దన్నం తిని పొలం వెళ్లాడు." చుట్టూ నవ్వులు. ఆ నాయకుడు నన్ను ఒక్క మాట అనలేదు. మళ్లీ పిలవనూ లేదు.

అందుకని 28ని కొట్టేయ్. దాని చోట ఆ 188 కేసుల సంగతి రాయి. ప్రతిపక్షానికి అంతకంటే మంచి అంశం దొరకదు, అందులో నేరమూ ఉంది, కరోనా విధానమూ ఉంది. ఆ సెక్షన్‌కి మామూలుగా శిక్ష నెల రోజుల జైలు లేదా రెండొందల జరిమానా. ప్రాణాలకు ముప్పు తెచ్చే పనైతే ఆరు నెలలు లేదా వెయ్యి. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం సీఆర్‌పీసీ, దాని 195వ సెక్షన్ ప్రకారం, ఉత్తర్వు ఇచ్చిన అధికారో ఆయన పై అధికారో రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు ఈ కేసును తీసుకోకూడదు. మన స్టేషన్లలో పెట్టిన ఎన్ని కేసులకు ఆ కాగితం ఉందో ఒక లాయర్ని కూర్చోబెట్టుకుని అడుగు. తమిళనాడులో ఈ ఫిబ్రవరిలో అప్పటి ముఖ్యమంత్రి పళనిస్వామి లాక్‌డౌన్ ఉల్లంఘన కేసులు ఎత్తేస్తామని ప్రకటించారు. సుమారు పది లక్షల కేసులు. పోలీసుల మీద చేయి చేసుకున్నవీ, మోసంతో ఈ-పాస్ తీసుకున్నవీ మాత్రం వదల్లేదు. "మన దగ్గర కూడా ఎత్తేయండి" అని మీ ఎమ్మెల్యే గారు అడిగితే, ఆ ఇడ్లీ బండి ఆవిడ కరపత్రాన్ని పొట్లం కట్టకుండా దాచుకుంటుంది.

మహిళల పేరాలో నువ్వు ఇంకో గోతిలో పడబోయావు. నేరాలు పెరిగాయని నువ్వంటే అవతలివాళ్లు అదే నివేదిక తెరిచి, మహిళలపై నేరాలు 8.3 శాతం తగ్గాయి చూడండి అంటారు. నిజమే, దేశంలో 2019లో నాలుగు లక్షలు దాటిన కేసులు 2020లో 3,71,503కి దిగాయి. అప్పుడేం చెబుతావు? అదే ఏడాది జాతీయ మహిళా కమిషన్‌కు 23,722 ఫిర్యాదులు వచ్చాయి, ఆరేళ్లలో అదే ఎక్కువ. అందులో 5,294 గృహహింసవి. కొట్టేవాడు రోజంతా ఇంట్లోనే ఉన్నాడు, బస్సుల్లేవు, ఆటోల్లేవు, పుట్టింటికి పోదామంటే చెక్‌పోస్టు. ఆవిడ స్టేషన్‌కి ఎలా వెళ్తుంది? కేసులు తగ్గడం వేరు, దెబ్బలు తగ్గడం వేరు అని నువ్వు అనాల్సింది ఇక్కడ.

మహిళలపై నేరాల్లో త్వరగా శిక్ష పడాలని తెచ్చిన దిశ చట్టం ఏమైందని అడిగావు. అది సరైన ప్రశ్నే, ఉంచు. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, మొత్తం 21 రోజులు అంటూ 2019 డిసెంబరు 13న శాసనసభ బిల్లు ఆమోదించింది. ఇప్పటిదాకా రాష్ట్రపతి ఆమోదం రాలేదు. దిశ యాప్ ఉంది, దిశ స్టేషన్లున్నాయి, చట్టం మాత్రం లేదు. జనంలో చాలామందికి ఈ తేడా తెలియదు, దాన్ని విడమరిచి చెప్పు చాలు. అయితే ఆ రోజు సభలో మీ ఎమ్మెల్యే గారు ఏం మాట్లాడారో, అసలు మాట్లాడారో లేదో ముందు కనుక్కో. రికార్డులు ఉంటాయి. ఆయన్నే అడిగితే గుర్తున్నట్టు చెబుతారు, అది లెక్కలోకి రాదు.

హెరాయిన్ పేరా తీసేయమని నా సలహా. గుజరాత్‌లోని ముంద్రా పోర్టులో సుమారు మూడు వేల కిలోలు పట్టుకున్నారు, అఫ్గానిస్థాన్ సరుకు, కాగితాల మీద విజయవాడ అడ్రస్ ఉంది. అంతవరకే బయటికొచ్చింది. దాన్నిబట్టి మన ఊరి స్కూలు గేటు దగ్గర హెరాయిన్ అమ్ముతున్నారని రాస్తే స్కూలు హెడ్‌మాస్టరే నిన్ను నిలదీస్తారు.

కురిచేడు గురించి ఒక్క లైనే రాశావు. మన జిల్లా మనుషులమ్మా, అంత తేలిగ్గా దాటేయొద్దు. వరసగా చూడు. 2020 మే 4న మద్యం షాపులు తెరిచారు. ముందు 25 శాతం, మర్నాటికి మొత్తం 75 శాతం రేటు పెంచారు. తాగేవాళ్లను తగ్గించడానికి అన్నారు. తెలంగాణ బాటిళ్లు లారీల్లో, కార్ల డిక్కీల్లో సరిహద్దు దాటడం మొదలైంది. ఆ దొంగరవాణా పట్టుకోవడానికి అదే నెలలో స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు, మనిషికి మూడు బాటిళ్లు తెచ్చుకోవచ్చంది. ఈ మధ్యలో, జూలై చివర, కంటైన్మెంట్ పెట్టి షాపులు మూసిన కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. చేతులు కడుక్కోమని ఊరంతా పంచిన సీసా అది. రేటు పెంచిన జీవోకీ డిక్కీలో బాటిల్‌కీ ఆ సీసాకీ మధ్య దారి ఎలా పడిందో నువ్వు ఒక పేజీ రాస్తే, "నేరాలకు నిలయం" లాంటి మాటలు ఒక్కటి కూడా అక్కర్లేదు. చనిపోయినవాళ్లను మాత్రం తాగుబోతులని రాయకు. వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు ఇది చదువుతారు.

ఇప్పుడు నీకు నచ్చని మాట చెబుతాను. ప్రభుత్వం చేసిన మంచి ఒక్కటీ నీ లేఖలో లేదు. కరోనా వైద్యాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చారు. 2020 జూలై 1న విజయవాడలో 108, 104 బళ్లు 1,088 ఒకేసారి రోడ్డెక్కాయి. ఈ జూన్ 20న ఒక్కరోజే 13 లక్షలకు పైగా టీకాలు వేశారు. తల్లీతండ్రీ ఇద్దర్నీ పోగొట్టుకున్న పిల్లలకు పది లక్షల డిపాజిట్ అన్నారు. ఆ 108 ఎక్కి బతికినవాడు నీ పాఠకుల్లో ఉన్నాడు. అతను చూసింది నువ్వు లేదంటే, ఆ తర్వాత నువ్వు రాసిన నిజాలు కూడా నమ్మడు. ఒప్పుకోవాల్సింది రెండు వాక్యాల్లో ఒప్పుకుని, రుయా ఆసుపత్రి సంగతికి రా. ఈ మే 10 రాత్రి తిరుపతిలోని ఆ ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా దెబ్బతిని పదకొండు మంది పోయారని అధికారులే చెప్పారు. అక్కడ ప్రశ్న గట్టిగా వేయి. అంతకుముందు ఏప్రిల్‌లో అదే తిరుపతి ఉపఎన్నికలో అన్ని పార్టీలూ జనాన్ని పోగేశాయి, మీ వాళ్లూ పోగేశారు. ఆ మాట కూడా లేఖలో ఉండాలి. ఎమ్మెల్యే గారు కొట్టేస్తారు. రెండోసారి రాసి పంపు. మళ్లీ కొట్టేస్తే వదిలేయ్, సంతకం ఆయనది.

అన్నిటికంటే ముఖ్యమైనది నీ లేఖలో ఎక్కడా లేదు. ఈ నెల 4న సుప్రీంకోర్టు, కరోనాతో చనిపోయినవారి కుటుంబాలకు యాభై వేల రూపాయల పరిహారానికి ఆమోదం ఇచ్చింది. పాజిటివ్ వచ్చిన ముప్పై రోజుల్లోపు చనిపోతే, ఆసుపత్రి బయట పోయినా, అది కరోనా మరణమే. సర్టిఫికెట్ మీద కరోనా అని లేదన్న సాకుతో డబ్బు ఆపకూడదు. పేచీ వస్తే జిల్లాలో కమిటీ ఉంటుంది. కాగితాలన్నీ ఇచ్చాక ముప్పై రోజుల్లో డబ్బు పడాలి. ఏ కాగితాలు, ఏ ఆఫీసు, ఎవరిని కలవాలి అన్నది కలెక్టరేట్‌కి వెళ్లి కనుక్కుని, లేఖలో మొదటి పేజీలోనే బాక్సు కట్టి వేయించు. కింద ఎమ్మెల్యే ఆఫీసులో దరఖాస్తు నింపిపెట్టే కుర్రాడి ఫోన్ నంబరు ఇవ్వు. తిట్లు రెండో పేజీకి పంపు, అక్కడ వాటికి చోటు సరిపోతుంది.

మాటల గురించి ఎక్కువ చెప్పను. "ధ్వజమెత్తుతున్నాం", "నిప్పులు చెరుగుతున్నాం" అనేవి మేము హెడ్డింగుల్లో చోటు నింపడానికి వాడి అరగదీసిన మాటలు, ఏ మనిషీ తన గురించి తను అలా చెప్పుకోడు. ఆశ్చర్యార్థకాలు పదిహేడు లెక్కపెట్టాను. ఒకటి ఉంచుకో, కురిచేడు పేజీలో మాత్రం వద్దు. అచ్చుకు ఇచ్చే ముందు మీ ఆఫీసులో టీ ఇచ్చే కుర్రాడికి ఒకసారి పైకి చదివి వినిపించు. ఎక్కడ ఫోన్ తీసి చూసుకుంటాడో అక్కడ గీత పెట్టు.

కొత్త డ్రాఫ్టు ఆదివారంలోగా పంపు. ఇడ్లీ బండి కుర్రాడికి వచ్చే నెల రెండో వారంలో వాయిదా ఉంది, ఆ 195 సంగతి లాయర్ ఏమన్నాడో ఈలోపే నాకు ఫోన్ చేసి చెప్పు, వాడికి చెబుతానని మాటిచ్చాను. మీ పిన్ని గోంగూర పచ్చడి ఆర్టీసీ కార్గోలో వేసింది. రసీదు ఫోటో వాట్సాప్‌లో పెట్టాను, చూసుకో.

మీ బాబాయ్