ఎడిటర్ ఎక్కడ కనిపిస్తుంది? (పాఠకుల ప్రశ్నలు)

రెండు వారాల కిందట ఈ శీర్షికలో ‘వోగ్ పారిస్’ అనే ఫ్రెంచ్ ఫ్యాషన్ పత్రిక పాత సంచికల గురించి మాటవరసకు నాలుగు ముక్కలు రాశాను. బ్లౌజు చంక దగ్గర ముడతలు, పట్టుచీర ఫాల్ లాంటి మామూలు ప్రశ్నలను పక్కకు నెట్టి, ఈసారి ఉత్తరాల్లో సగం ఆ సంగతే అడిగాయి. అందుకని ఈ వారం కుట్టుపనికి సెలవు.

ఫ్యాషన్ డిజైన్ చదువుతున్నాను. సీనియర్ అక్క ఒకామె వెళ్తూ వెళ్తూ ‘వోగ్ పారిస్’ సంచికలు ఒక అట్టపెట్టెడు ఇచ్చింది. 2005 నుంచి 2015 దాకా అక్కడక్కడా ఉన్నాయి. ‘ఎడిటర్ విజన్ ఏమిటో గమనించి రాసుకురా’ అంటున్నారు మా లెక్చరర్. నాకు ఫ్రెంచ్ రాదు. ఫొటోలు బాగున్నాయి అనిపిస్తోంది తప్ప ఏం చూడాలో తెలియడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది మేడమ్.
— ఒక విద్యార్థిని, గుంటూరు

టెన్షన్ దేనికమ్మా, నీకు దొరికినవి సరిగ్గా కావలసిన సంచికలే. ఆ పదేళ్లలో ఆ పత్రికకు ఇద్దరు ఎడిటర్లు. 2001 నుంచి 2011 మొదటి దాకా కరీన్ రోయిట్‌ఫెల్డ్, ఆ తర్వాత 2021 దాకా ఎమ్మాన్యుయేల్ ఆల్ట్. ఆల్ట్ బయటినుంచి వచ్చిపడిన మనిషి కాదు, రోయిట్‌ఫెల్డ్ దగ్గరే ఫ్యాషన్ డైరెక్టర్‌గా చేసింది. ఆఫీసు అదే, ఫొటోగ్రాఫర్లు కూడా చాలావరకు వాళ్లే. అయినా పత్రిక మారిపోయింది. ఎక్కడ మారిందో పట్టుకున్నావంటే నీ అసైన్‌మెంట్ అయిపోయినట్టే.

ముందు పెట్టె బోర్లించి ఒకే నెల సంచికలను పక్కపక్కన పేర్చు. మార్చివి ఒక వరస, సెప్టెంబరువి ఒక వరస. ముఖచిత్రాల దగ్గర ఆగిపోకు. అవి స్టాల్లో అమ్ముడుపోవాలి కాబట్టి అక్కడ ఎడిటర్ మాట సగమే చెల్లుతుంది. ప్రకటనలన్నీ దాటుకుని వెనక సగానికి వెళ్తే, ఒకే కథలాగా పేజీల తరబడి సాగే ఫొటోలు మొదలవుతాయి. వాటి మొదటి పేజీలో చిన్న అక్షరాలతో ఫొటోగ్రాఫర్ పేరు, దాని దగ్గర్లోనే ‘రెయలిజాసియోఁ’ అనే మాట, ఆ వెంటనే ఇంకో పేరు ఉంటాయి. బట్టలు ఏరి, దేని మీద ఏది వెయ్యాలో, బొత్తాం పెట్టాలో వదిలెయ్యాలో తేల్చిన మనిషి పేరది. ఫ్రెంచ్ వచ్చినా రాకపోయినా నీకు కావలసింది ఆ ఒక్క మాటే. అక్కడ రోయిట్‌ఫెల్డ్ అనో ఆల్ట్ అనో కనబడ్డ కథలకు చీటీలు పెట్టుకో. వీళ్లిద్దరూ స్టైలింగ్ నుంచి వచ్చినవాళ్లు. కుర్చీ ఎక్కాక కూడా గుండుసూదులు పట్టుకోవడం మానలేదు.

ఇప్పుడు ఆ చీటీలు పెట్టినవే చూడు. రోయిట్‌ఫెల్డ్ పేజీల్లో నలుపు మళ్లీ మళ్లీ వస్తుంది. బిగుతు పెన్సిల్ స్కర్టు, ఎత్తు మడమల చెప్పులు, ఫర్ కోటు, రాత్రంతా మేలుకుంటే చెదిరినట్టుండే కాటుక. ఆవిడ తను కూడా అలాగే తయారయ్యేది. డిజైనర్ టామ్ ఫోర్డ్ ‘గుచ్చి’ అనే ఫ్యాషన్ కంపెనీలో ఉన్న రోజుల్లో ఫొటోగ్రాఫర్ మారియో టెస్టినోతో కలిసి ఆ కంపెనీ ప్రకటనలకు పనిచేసింది. ఆ బరితెగింపునే పత్రికలోకీ తీసుకొచ్చింది. ఆవిడ ఫొటోల్లో ఆడమనిషి ఏ రాత్రిపూటో ఎక్కడికో బయల్దేరినట్టుంటుంది. ఎక్కడికమ్మా అని అడిగే ధైర్యం మనకుండదు.

ఆల్ట్ దగ్గరికి వచ్చేసరికి తెల్లవారుతుంది. జీన్సు, తెల్ల చొక్కా, భుజాల మీద ఊరికే వేసుకున్న మగవాళ్ల కోటు, నడుముకు బెల్టు, ఎండకు రంగు తిరిగిన ఒళ్లు, దువ్వీ దువ్వనట్టున్న జుట్టు. 2011 ఏప్రిల్‌లో వచ్చిన ఆవిడ మొదటి సంచిక ముఖచిత్రం మోడల్ జిసెల్ బుండ్షెన్‌ది. ఆ పిల్లను చూస్తే ఎవరి మీదా కుట్రలు పన్నేలా అనిపించదు. పాఠకురాలిగా నాకు రోయిట్‌ఫెల్డ్ ఇష్టం. బట్టలు కత్తిరించే మనిషిగా మాత్రం ఆల్ట్ పేజీల నుంచే ఎక్కువ నేర్చుకున్నాను. కోటు భుజం ఎక్కడ ఆగాలో, చొక్కా చేతులు ఎన్ని మడతలు పెడితే ముంజేయి సన్నగా కనిపిస్తుందో ఆ ఫొటోల్లో విడమర్చి చూపించినట్టే ఉంటుంది. నీ మార్కులు ఎవరికో నువ్వే తేల్చుకో. ‘ఇద్దరూ గొప్పవాళ్లే’ అని మాత్రం రాయకు. మీ లెక్చరర్‌కు నిద్రొస్తుంది.

ఇంకొకటి. పేజీల్లో ఎవరున్నారో రాసుకున్నాక, ఎవరు లేరో కూడా రాసుకో. నీ పెట్టెలో 2009 అక్టోబరు సంచిక ఉందేమో చూడు. అది టాప్ మోడళ్ల ప్రత్యేక సంచిక. అందులో లారా స్టోన్ అనే డచ్ మోడల్‌కు, తెల్ల అమ్మాయికి, ఒళ్లంతా నల్లరంగు పూసి స్టీవెన్ క్లైన్ ఫొటోలు తీశాడు. పెద్ద గొడవైంది. రంగు పూసే ఓపిక ఉన్నవాళ్లకు ఒక నల్లజాతి మోడల్‌ను పిలిచే ఓపిక లేకపోయిందా అని జనం అడిగారు, న్యాయంగానే అడిగారు. అంతకు ఇరవయ్యేళ్ల ముందు, 1988 ఆగస్టులో, ఇదే పత్రిక ముఖచిత్రం మీదికి నవోమీ క్యాంప్‌బెల్ వచ్చింది. ఫ్రెంచ్ వోగ్ ముఖచిత్రం మీద మొదటి నల్లజాతి మోడల్ ఆమే. తన తరఫున డిజైనర్ ఈవ్ సాఁ లోరాఁ ప్రకటనలు ఆపేస్తానని బెదిరిస్తేనే అది జరిగిందని నవోమీ తర్వాత చెప్పింది. అంటే ఆ ముఖచిత్రం ఎడిటర్ చూపుతో వచ్చింది కాదు, ప్రకటనల డబ్బు నొక్కితే వచ్చింది. విజన్ గురించి రాసేటప్పుడు ఇదీ రాయాల్సిందే.

మాది టైలరింగ్ షాపు. మా అమ్మాయి ఫోన్‌లో చూపిస్తుంటుంది. పారిస్ పత్రికలో ఫిబ్రవరిలో పల్చటి గౌన్లు, ఆగస్టులో ఉన్ని కోట్లు వేస్తారు. వాళ్లకు ఎండాకాలం, చలికాలం తిరగబడి వస్తాయా?
— ఒక పాఠకుడు, రాజమండ్రి

మనవాళ్లు ఆషాఢంలో చీరలు కొని శ్రావణానికి బ్లౌజులు కావాలని మీ ప్రాణం తీస్తారు చూశారూ, అదే లెక్క. కాకపోతే వాళ్లది మరీ ముందు. రాబోయే వసంతం, వేసవి బట్టలను పారిస్‌లో సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వేదిక మీద చూపిస్తారు. షాపులవాళ్లు ఆర్డర్లు ఇచ్చి, అవి తయారై, కొట్టుకు చేరేసరికి కొత్త ఏడాది వస్తుంది. ఫిబ్రవరి, మార్చి సంచికలు వాటి కోసమే. చలికాలం బట్టల ప్రదర్శన ఫిబ్రవరి ఆఖరున మొదలవుతుంది, సంచికలు ఆగస్టు, సెప్టెంబరుల్లో వస్తాయి. కొత్త సరుకు దిగే నెలలు కాబట్టి ప్రకటనలూ అప్పుడే పోటెత్తుతాయి, మార్చి, సెప్టెంబరు సంచికలు ఇటుకల్లా ఉంటాయి. ఫొటోలు తీసేనాటికి చాలా బట్టలకు ఉండేది ఒకే ఒక్క నమూనా, అదీ సన్నటి మోడల్ కొలతకు కుట్టింది. అందుకే పత్రికలో బ్రహ్మాండంగా కుదిరిన కోటు మామూలు మనిషికి కుదరదు. ‘ఫొటోలో ఉన్నట్టే కుట్టండి’ అని పట్టుబట్టే కస్టమర్లకు ఈ ముక్క చెప్పండి.

నెల్సన్ మండేలా ఒక ఫ్యాషన్ పత్రికకు సంపాదకుడిగా ఉన్నారని రాశారు. అచ్చుతప్పు అనుకుంటున్నాను.
— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, వరంగల్

అచ్చుతప్పు కాదు మాస్టారూ. ‘వోగ్ పారిస్’ ఏడాదికి పది సంచికలే వేసేది. జూన్-జులై కలిపి ఒకటి, డిసెంబరు-జనవరి కలిపి ఒకటి. ఆ క్రిస్మస్ సంచికను ఎవరో ఒక అతిథి చేతికి అప్పగించడం ఆనవాయితీగా పెట్టుకున్నారు. 1971లో చిత్రకారుడు సాల్వడార్ డాలీ, 1974లో సినిమా దర్శకుడు హిచ్‌కాక్, 1992లో దలైలామా, 1993లో మండేలా. చివరి రెండూ కొలంబ్ ప్రింగిల్ ఎడిటర్‌గా ఉన్నప్పుడు వచ్చాయి. పరిమళాలూ నగలూ అమ్ముడుపోయే పండగ నెలలో ఆవిడ బౌద్ధ సన్యాసినీ, ఇరవై ఏడేళ్లు జైల్లో ఉండివచ్చిన మనిషినీ కూర్చోబెట్టింది. నాకు అన్నిటికంటే గుండెధైర్యం ఉన్న సంచికలు అవే అనిపిస్తాయి. తర్వాత తర్వాత అతిథులు సినిమా దర్శకురాలు సోఫియా కొప్పోలా, మోడల్ కేట్ మాస్ లాంటివాళ్లయ్యారు. బాగానే ఉంటాయి, కానీ పార్టీకి పిలిచే జాబితాలా ఉంటాయి. 2010 డిసెంబరులో టామ్ ఫోర్డ్ వచ్చి చిన్నపిల్లలకు పెద్దవాళ్ల మేకప్ వేయించి ఫొటోలు పెట్టాడు. నానా రభసా జరిగింది. ఆ నెలలోనే రోయిట్‌ఫెల్డ్ తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

మీరు చరిత్ర చెప్పిన మనిషిలా ఉన్నారు కాబట్టి ఒకటి చెప్తాను. జర్మన్లు పారిస్‌ను ఆక్రమించినప్పుడు ఈ పత్రిక ఎడిటర్ మిషెల్ ద బ్రున్హాఫ్. వాళ్ల కింద నడపడం ఇష్టంలేక మూసేసి, విముక్తి తర్వాతే మళ్లీ తెరిచాడు. ఈవ్ సాఁ లోరాఁ అనే కుర్రాడు గీసిన బొమ్మలు చూసి, అతన్ని పెద్ద డిజైనర్ క్రిస్టియన్ డియోర్ దగ్గరికి పంపింది కూడా ఈయనే.

ఆ పత్రికలో వచ్చిన ఒక్క ఫొటో గురించి చెప్పమంటే మీరు ఏది చెప్తారు?
— ఒక బొటీక్ యజమానురాలు, విజయవాడ

ఆలోచించక్కర్లేదు. 1975లో హెల్ముట్ న్యూటన్ తీసింది. పారిస్‌లో ర్యూ ఓబ్రియో అని ఇరుకు వీధి, రాత్రివేళ, వీధిదీపాల వెలుగు తప్ప ఇంకేం లేదు. మధ్యలో ఒకామె మగవాళ్ల తరహా ప్యాంటూ కోటూ వేసుకుని నిలబడి ఉంది. జుట్టు వెనక్కి అణిచి దువ్వారు. ఒక చెయ్యి ప్యాంటు జేబులో, ఇంకో చేతిలో సిగరెట్టు. సాఁ లోరాఁ ఆ తరహా సూటును ‘ల స్మోకింగ్’ పేరుతో 1966లో తెచ్చాడు. తొమ్మిదేళ్ల తర్వాత తీసిన ఈ ఫొటోయే ఈరోజు అందరికీ గుర్తుంది. టైలర్ కళ్లతో చూడండి. చెయ్యి జేబులో పెట్టినప్పుడు కోటు ముందుభాగం తెరుచుకుని పక్కకు జారాలి, అలాగని భుజం పైకి లేవకూడదు. చేతిగుంట లోతు పెంచి కత్తిరిస్తే అది జరగదు, కోటంతా పైకి వచ్చేస్తుంది. చేతిగుంట పైకి, ఒంటికి దగ్గరగా ఉండాలి. మన బ్లౌజుకూ ఇదే సూత్రం. చెయ్యెత్తితే కింద అంచు లేచిపోతోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఆ గుంటే.

ఎడిటర్ సంగతి అంటారా, అప్పటి ఎడిటర్ ఫ్రాన్సీన్ క్రెసాఁ. పేరు పెద్దగా ఎవరికీ గుర్తులేదు. న్యూటన్‌నూ, గీ బూర్దాఁనూ వాళ్ల దారిన వాళ్లను తియ్యనిచ్చి, పైనుంచి వచ్చే తిట్లు తను కాసింది. బూర్దాఁ అంటే మామూలువాడు కాదు. 1955లో తన తొలి ఫొటోలలోనే ఖరీదైన టోపీ పెట్టుకున్న మోడల్‌ను మాంసం కొట్లో వేలాడే దూడ తలకాయల కింద నిలబెట్టాడు.

పారిస్ దగ్గర్లో ఉంటున్నాం. ఇప్పుడొచ్చే సంచికలు కొంటే ఏ దేశంలో కొన్నానో తెలియనట్టుంది. మీరు చెప్పే ఎడిటర్ చూపు ఇంకా ఉందంటారా?
— ఒక పాఠకురాలు, ఫ్రాన్స్

మీ అనుమానం నిజమే. 2020 చివర్లో అమెరికన్ వోగ్ ఎడిటర్ అన్నా వింటూర్‌ను, దేశదేశాల్లో వోగ్ వేసే కాండే నాస్ట్ సంస్థ మొత్తానికి కంటెంట్ పెద్దగా పెట్టారు. 2021లో ఆల్ట్ వెళ్లిపోయింది. ఆవిడ స్థానంలోకి వచ్చిన యూజెనీ త్రోషూకు ఇచ్చిన హోదా ‘హెడ్ ఆఫ్ ఎడిటోరియల్ కంటెంట్’. అసలైన ఎడిటర్ కుర్చీ తీసేసి ప్లాస్టిక్ స్టూలు వేశారని నా అభిప్రాయం. ఒక దేశంలో తీసిన ఫొటోలు నాలుగు దేశాల సంచికల్లో తిరుగుతుంటే మీకు అలా అనిపించడంలో వింతేముంది?

అదే ఏడాది నవంబరులో పేరు ‘వోగ్ ఫ్రాన్స్’ అయింది. ముఖచిత్రం మీద గాయని అయా నకమూరా. మాలీలో పుట్టి పారిస్ శివార్లలో పెరిగిన పిల్ల. పేరు మార్చినందుకు చాలామంది ముక్కు విరిచారు గాని, నాకు ఆ ముఖచిత్రం నచ్చింది. ఒక మనిషి పంతం పేజీ పేజీకీ కనబడాలంటే మాత్రం ఏడాదికి రెండుసార్లు వచ్చేవాటివైపు వెళ్లండి. ఎజ్రా పెట్రోనియో తెచ్చే ‘సెల్ఫ్ సర్వీస్’ ఉంది. రోయిట్‌ఫెల్డ్ 2012లో ‘సీఆర్ ఫ్యాషన్ బుక్’ పెట్టుకుంది.

ఎవరో ఫ్రెంచివాళ్ల బట్టల గోల మనకెందుకండీ? మన చేనేత గురించి రాయండి.
— ఒక పాఠకుడు, మచిలీపట్నం

రాయకుండా ఎప్పుడున్నాను? అయినా ఈ మాట మీ ఊరి నుంచి రావడం తమాషాగా ఉంది. మీ తీరం నుంచి వెళ్లిన అద్దకం బట్టల కోసం ఫ్రాన్స్‌లో జనం ఎగబడితే, తమ పట్టు, ఉన్ని నేతగాళ్లు దెబ్బతింటున్నారని అక్కడి రాజుగారు 1686లో వాటిని నిషేధించారు. 1759 దాకా ఎత్తలేదు. దొంగచాటుగా కొని కట్టుకున్నవాళ్లూ తక్కువేం కాదు. వాళ్లు మన బట్టలమీద అంత మోజుపడగా లేనిది, మనం వాళ్ల పత్రిక తిరగేస్తే తప్పా?

వచ్చే వారం ఖాయంగా కలంకారీయే. ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాను: ఉతికితే రంగు పోని అద్దకాన్ని కొట్లో ఎలా గుర్తుపట్టాలి. తడి గుడ్డతో రుద్ది చూడమని అందరూ చెప్తారు, అదొక్కటే సరిపోదు.