‘ఇంటర్నేషనల్’ అన్న పేరు చూసి సీటు కొనకండి

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. మాది గాజువాక. మా ఆయన స్టీల్‌ప్లాంట్‌లో చేస్తారు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్‌లో మిలాన్ (పలు దేశాల నౌకాదళాల విన్యాసాలు) పరేడ్‌కి తీసుకెళ్ళాం. అన్ని దేశాల నేవీ వాళ్ళని చూసినప్పటి నుంచి దానికి అదే ధ్యాస. ఇంజనీరింగ్ వద్దు, అంతర్జాతీయ వ్యవహారాలే చదువుతానంటోంది. వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు, ఈ నెలలోనే సీటు బ్లాక్ చేసుకోమని. ఏడాదికి నాలుగు లక్షలట. అంత కట్టగలమా అని ఒక టెన్షన్, చదివాక ఉద్యోగం వస్తుందా అని ఇంకో టెన్షన్. ‘ఆడపిల్లని అంత దూరం పంపి బీఏ చదివిస్తారా’ అంటోంది మా తోటికోడలు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ సీటుకి డబ్బు కట్టకండి. తొందరపెట్టే వాళ్ళకి మన పిల్ల ఇష్టంతో పనిలేదు. మీ అమ్మాయికి మాత్రం ఇష్టమైన చదువే చెప్పించండి. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎందుకు చెబుతున్నానో వినండి.

విశాఖ పిల్లకి ఇలాంటి కోరిక పుట్టడం వింతేమీ కాదు. మీ ఆయన ప్లాంట్‌లో ఉక్కు తయారీకి వాడే బొగ్గు, కోకింగ్ కోల్, ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వస్తుంది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం 1960ల్లో వేసిందే ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి. 2018 చివర్లో గుజరాత్ నుంచి వేటకెళ్ళిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులని పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో గానీ వాళ్ళు వాఘా సరిహద్దు దాటి రాలేదు.

వాళ్ళు తిరిగొచ్చిన వారం నేను క్లాసులో పాఠం ఆపి, బోర్డు మీద తీరం గీసి, 12 నాటికల్ మైళ్ళ దాకా దేశపు జలాలు, 200 నాటికల్ మైళ్ళ దాకా చేపల్లాంటి వనరుల మీద మన దేశానికి హక్కుండే ఆర్థిక మండలి అని గీతలు పెట్టాను. వెనక బెంచీ అబ్బాయి లేచి, ‘నీళ్ళ మీద గీత ఉండదు కదా మేడం, పడవలో ఉన్నోడికి ఎలా తెలుస్తుంది?’ అన్నాడు. వాళ్ళ నాన్న ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడుపుతాడని తరవాత తెలిసింది. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు. మీ అమ్మాయిలో ఉన్నది ఆ కుతూహలమే అయితే దాన్ని ఆపకూడదు.

ఇక కాలేజీ సంగతి. నా దగ్గర చదివిన ఒకమ్మాయి డిగ్రీ పేరులో ‘ఇంటర్నేషనల్ రిలేషన్స్’ అని ఉందని దూరాన ఒక ప్రైవేటు సంస్థలో చేరింది. పేరు చెప్పను. సబ్జెక్టు చెప్పే మేడం ఒక్కరే, ఆవిడ మొదటి సెమిస్టర్‌లోనే మానేశారు. ఆ తరవాత ఏడాదంతా గెస్ట్ లెక్చరర్లు వచ్చి స్లయిడ్లు చదివి వెళ్ళారు. లైబ్రరీలో ఈ సబ్జెక్టుకి రెండే అరలు. వాళ్ళ నాన్న ఊళ్ళో అర ఎకరం అమ్మి ఫీజు కట్టాడు. సెలవుల్లో ఆ పిల్ల మా ఇంటికొచ్చి ఏడ్చిన రోజు నాకింకా గుర్తుంది. అందుకే ఎవరు అడిగినా ముందు ఈ మాటే చెబుతాను: వెబ్‌సైట్‌లో డిపార్ట్‌మెంట్ పేజీ తీసి పర్మనెంట్ అధ్యాపకులు ఎంతమందో లెక్కపెట్టండి. అక్కడ సెకండియర్ చదువుతున్న పిల్లతో, కాలేజీ వాళ్ళు చూపించిన పిల్లతో కాదు, విడిగా మాట్లాడండి.

డిగ్రీలోనే ‘ఇంటర్నేషనల్’ అని ఉండాల్సిన అవసరం లేదని నా గట్టి నమ్మకం. డిగ్రీలో రాజనీతిశాస్త్రమో, చరిత్రో, ఎకనామిక్సో పునాదిగా గట్టిగా చదివి, ఎంఏలో అంతర్జాతీయ సంబంధాలకి వెళితే మేలు. ఎంపీసీ చదివిందని కూడా బెంగ పెట్టుకోకండి. మన విదేశాంగ మంత్రి జైశంకర్ గారు డిగ్రీలో కెమిస్ట్రీ చదివి, ఆ తరవాతే ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ (జేఎన్‌యూ)లో ఈ చదువులోకి వచ్చారు.

కేంద్ర ప్రభుత్వ యూనివర్సిటీలకి దారి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష. 2022 నుంచి డిగ్రీ సీట్లు దీని మీదే ఇస్తున్నారు. ప్రశ్నపత్రం తెలుగులో కూడా తీసుకోవచ్చు కానీ, అక్కడ పాఠాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి ఇప్పటి నుంచే ఇంగ్లిష్ పేపరు చదవడం అలవాటు చెయ్యండి. ఢిల్లీ యూనివర్సిటీ బీఏ ఆనర్స్ పొలిటికల్ సైన్స్‌కి ఇంగ్లిష్‌తో పాటు మాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ రాసి కూడా పోటీ పడవచ్చు. ఈ నిబంధనలు మారుతుంటాయి, ఫారం నింపే ముందు ఆ ఏడాది బులెటిన్ ఒకసారి చూసుకోండి.

నన్నడిగితే మీ అమ్మాయికి ముందు చెప్పేది భాష. జేఎన్‌యూలో చైనీస్, రష్యన్, జపనీస్, కొరియన్, అరబిక్, పర్షియన్ లాంటి భాషల్లో బీఏ ఆనర్స్ ఉంది. ట్యూషన్ ఫీజు ఏడాదికి వందల రూపాయల్లోనే, హాస్టల్, మెస్ వేరే. అక్కడే ఎంఏకి స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ ఉంది, ఈ సబ్జెక్టుకి దేశంలో పాత ఇల్లు, 1955లో మొదలైంది. చైనీస్ చదవడం వచ్చిన పిల్ల బీజింగ్ పత్రిక ఏం రాసిందో తనే చదువుకుంటుంది, మిగతావాళ్ళు అనువాదం కోసం చూడాలి. ఢిల్లీ దూరమనిపిస్తే హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలోనూ విదేశీ భాషల్లో బీఏ ఉంది, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. కోల్‌కతా జాదవ్‌పూర్ యూనివర్సిటీలో 1956 నుంచి అంతర్జాతీయ సంబంధాల విభాగం ఉంది, అదీ ఒక్క రాత్రి ప్రయాణమే. మనవాళ్ళు హౌరా వైపు చూడరెందుకో నాకు అర్థం కాదు.

ఇంటి దగ్గరే ఉండాలంటే సబ్బవరంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉంది. క్లాట్ అనే లా ప్రవేశ పరీక్ష రాసి ఐదేళ్ళ కోర్సులో చేరితే అంతర్జాతీయ చట్టం వైపు వెళ్ళవచ్చు. ఫీజు మాత్రం తక్కువేం కాదు. లేదంటే ఇక్కడే బీఏ చేసి, ఆంధ్రా యూనివర్సిటీలోనో పాండిచ్చేరిలోనో ఎంఏ చెయ్యవచ్చు. నేనూ ఆంధ్రా యూనివర్సిటీలోనే చదివాను. వీఎస్ కృష్ణా లైబ్రరీలో మధ్యాహ్నాలు పాత పేపర్లు తిరగేస్తూ నేర్చుకున్నది క్లాసులో నేర్చుకున్నదానికి తక్కువేమీ కాదు.

ఉద్యోగం మాటకొస్తే, దాపరికం లేకుండా చెబుతాను. ఉత్త బీఏతో పెద్ద జీతం రాదు, ఎంఏ దాకా ఓపిక పట్టాలి. విదేశాంగ సర్వీసుకి యూపీఎస్సీ రాయాలి, 21 ఏళ్ళు నిండాలి, ఏ డిగ్రీ అయినా చాలు. కానీ ఏటా తీసుకునేది పదుల మందినే, అదొక్కటే లెక్కలో పెట్టుకోకండి. పరిశోధనా సంస్థలు, పత్రికలు, ఎగుమతి కంపెనీలు, అనువాదం, బోధన – భాష వచ్చిన పిల్లకి ఇవన్నీ ఉన్నాయి. మీ తోటికోడలికి కూడా ఈ మాటే చెప్పండి.

ఇంకొక్క పని. అమ్మాయిని ఒక నెలపాటు రోజూ పేపర్లో విదేశీ వార్తల పేజీ చదవమనండి. వారానికొక వార్త మీద, అది మన విశాఖకి ఎక్కడ తగులుతుందో సగం పేజీ సొంతంగా రాయమనండి. నాలుగు వారాల రాతలూ ఈ పత్రిక చిరునామాకే పంపండి. నేను చదివి తనకే జవాబు రాస్తాను.