బికాజ్ తర్వాత ఏముంది?

చిరంజీవికి,

నీ ఇంగ్లీష్ వ్యాసంలో సరుకుంది. కానీ కారణం నుంచి ఫలితానికి వెళ్లే చోటల్లా కుదుపు తగులుతోంది. ఆ కలిపే మాటల అర్థాలు నీకు తెలుసు. ఒక్కోదాని తర్వాత ఏం రావాలన్నదే చూసుకోలేదు.

బికాజ్ తర్వాత కర్తా క్రియా ఉండాలి: 'బికాజ్ ఇట్ రెయిన్డ్'. బికాజ్ ఆఫ్ తర్వాత నామవాచకం: 'బికాజ్ ఆఫ్ ద రెయిన్'. డ్యూ టు, ఓయింగ్ టు కూడా ఈ రెండో జట్టే. డ్యూ టు 'ద డిలే వాజ్ డ్యూ టు ద రెయిన్' అన్నట్టు ఈజ్, వాజ్‌ల తర్వాతే రావాలని పాత వ్యాకర్తలు పట్టుబట్టేవారు. ఇప్పుడా పట్టు సడలింది. నేను మాత్రం ఇంకా అలాగే రాస్తాను, వంక పెట్టేవాళ్లకు సందు ఎందుకివ్వాలి?

ఎక్కువమంది తడబడేది దేర్‌ఫోర్ దగ్గర. అర్థంలో అది సో లాంటిదే. అయితే సో రెండు వాక్యాలను కలపగలదు, ముందు కామా చాలు. దేర్‌ఫోర్, కాన్సిక్వెంట్లీ, యాజ్ ఎ రిజల్ట్ క్రియావిశేషణాలు, వాటికి కలిపే శక్తి లేదు. ఆ మాటకు ముందు ఫుల్‌స్టాపో సెమీకోలనో పెట్టు, ఆ మాట తర్వాత మామూలుగా కామా. 'ఇట్ రెయిన్డ్, దేర్‌ఫోర్ వియ్ స్టేడ్' అని ఒక్క కామాతో సరిపెడితే ఏ సంపాదకుడూ ఊరుకోడు.

'వాన పడింది కాబట్టి, అందుకే ఆగిపోయాం' అంటే తెలుగు చెవికి పెద్ద ఇబ్బంది లేదు. ఆ అలవాటుతోనే 'బికాజ్ ఇట్ రెయిన్డ్, సో వియ్ స్టేడ్' అని రాస్తున్నావు. రెండిట్లో ఒకటి కొట్టెయ్. 'ద రీజన్ ఈజ్ బికాజ్' అన్నదీ ఇలాంటిదే, అక్కడ బికాజ్ బదులు దట్ రాయి.

మనకు కారణం ముందు చెప్పడం అలవాటు. ఇంగ్లీష్‌లో కొత్త సంగతికి చోటు సాధారణంగా వాక్యం చివర. పాఠకుడికి ముందే తెలిసిన కారణమైతే సిన్స్‌తో మొదలుపెట్టి, అది ముగిశాక కామా పెట్టు. కారణమే కొత్తదైతే బికాజ్‌తో చివర చెప్పు, అక్కడ చాలావరకు కామా అక్కర్లేదు. సిన్స్‌కు కాలం అర్థం కూడా ఉందని మరవకు. 'సిన్స్ షి లెఫ్ట్, ఐ హావ్ వర్క్‌డ్ అలోన్' అంటే ఆమె వెళ్లినప్పటి నుంచా, వెళ్లింది కాబట్టా? సందేహం వస్తే బికాజ్ వాడెయ్.

నాట్ ఉన్న వాక్యంలో బికాజ్ కూడా మోసం చేస్తుంది. 'హి డిడ్ నాట్ లీవ్ బికాజ్ హి వాజ్ టైర్డ్': అలసటవల్ల వెళ్లలేదా, లేక వెళ్లాడు గానీ అలసట కారణం కాదా? మొదటిదే నీ ఉద్దేశమైతే బికాజ్ భాగాన్ని వాక్యం ముందుకు తెచ్చెయ్.

వ్యాసంలో ఈ మాటలన్నిటి కింద గీతలు గీసుకో. ఒకే పేరాలో మూడు కనిపిస్తే ఒకటి తీసేసి చదువు. వాక్యాల వరుసే కారణాన్ని చెబుతుంటే ఆ మాట తిరిగి పెట్టకు. దిద్దిన ప్రతి పంపించు.