అరిగిన బ్రేక్ డిస్కులు: లేత్ పట్టించాలా, మార్చాలా?

ప్రశ్న: నా కారు కొని ఏడేళ్లయింది, 74,000 కిలోమీటర్లు తిరిగింది. నెలకు రెండు మూడుసార్లు కుటుంబంతో తిరుమల వెళ్లి వస్తుంటాము. ఈ మధ్య కొండ దిగేటప్పుడు అక్కగార్ల గుడి మలుపుల దగ్గర బ్రేక్ తొక్కితే స్టీరింగ్ అదురుతోంది, పెడల్ కూడా కాలి కింద కొట్టుకుంటోంది. ముందు చక్రాల డిస్కులను లేత్ పట్టిస్తే (యంత్రం మీద పైపొర చెక్కిస్తే) సరిపోతుందని ఒక మెకానిక్, కొత్తవే వేయాలని ఇంకొక మెకానిక్ అంటున్నారు. వెర్నియర్‌తో కొలిస్తే మందం 20.9 మిల్లీమీటర్లు వచ్చింది. డిస్క్ మీద కనీస మందం 20 అని అచ్చు వేసి ఉంది. ఏది చేయించమంటారు?
– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: మీ విషయంలో మార్పించడమే మంచిదని నా అభిప్రాయం. కారణాలు వివరంగా చెబుతాను.

ముందుగా ఆ 20.9 అన్న కొలతను పూర్తిగా నమ్మకండి. బండి చల్లారిన తరువాత డిస్క్ పైఅంచును గోటితో తడిమి చూడండి, చిన్న గట్టులాంటిది తగులుతుంది. బ్రేక్ వేసినప్పుడు డిస్క్‌ను నొక్కే ప్యాడ్ అంతవరకు రాసుకోదు కాబట్టి ఆ అంచు అరగకుండా మిగిలిపోతుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద కూర్చుంటే, ప్యాడ్ రాసుకునే చోట ఉన్న అసలు మందం కంటే ఎక్కువ చూపిస్తుంది. అందువల్ల మైక్రోమీటర్‌తో, గట్టుకు లోపలివైపున, డిస్క్ చుట్టూ ఆరు నుంచి ఎనిమిది చోట్ల కొలిపించండి. వాటిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. ఒక చోటుకూ మరొక చోటుకూ 0.02 మిల్లీమీటర్ల తేడా ఉన్నా స్టీరింగ్‌లో అదురు తెలుస్తుంది. ‘డిస్క్ వంకరపోయింది’ అని మనం మామూలుగా అనేది చాలాసార్లు ఈ మందం తేడాయే.

మీ కొలత సరైనదేనని అనుకున్నా, గీతలు పోయేదాకా లేత్ పట్టిస్తే ఒక్కోవైపు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల వరకు లోహం పోవచ్చు. రెండు వైపులా కలిపి అర మిల్లీమీటరు పోతే మిగిలేది 20.4. డిస్క్ మీద అచ్చు వేసిన 20 అనేది అంతకంటే తగ్గితే పారేయమని చెప్పే హద్దు. లేత్ నుంచి దిగిన డిస్క్ మందం దానికి ఎంతో పైనే ఉండాలి, ఎందుకంటే ఆ తరువాత కూడా అది రోజూ అరుగుతూనే ఉంటుంది. కొత్త ప్యాడ్లు సగం అరిగేలోపే మీ డిస్క్ ఆ హద్దు దాటిపోయే అవకాశం ఉంది. అప్పుడు విప్పి బిగించే కూలి రెండోసారి ఇచ్చుకోవాలి. ఇదే డిస్క్ 21.6 ఉండి, పైపై గీతలు మాత్రమే ఉంటే, లేత్ పట్టించుకోమని నేను నిస్సంకోచంగా చెప్పేవాణ్ణి.

డిస్క్ మీద నీలిరంగు మచ్చలున్నాయేమో కూడా చూడండి. విపరీతంగా వేడెక్కిన చోట పోత ఇనుము గట్టిపడి అలా మారుతుంది. ఆ గట్టిదనం లోపలికి కూడా ఉంటుంది కనుక, పైపొర తీసినా కొన్నాళ్లకు ఆ మచ్చలు చుట్టుపక్కల కంటే తక్కువగా అరిగి, ఎత్తుగా నిలిచి, అదురును మళ్లీ తెస్తాయి.

ఇక మీరు కొండ దిగే బండి నడుపుతున్నారన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం. తిరుమల నుంచి తిరుపతికి దిగుడు సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న కారు అంత ఎత్తు దిగేటప్పుడు వెలువడే శక్తి, పాతిక లీటర్ల నీళ్లను మరిగే స్థాయికి తేగలిగినంత ఉంటుంది. బండిని న్యూట్రల్‌లో ఉంచి బ్రేకుల మీదే దింపితే ఆ వేడిలో చాలా భాగం డిస్కులే మింగాలి. రెండో గేరులో దింపితే ఇంజన్ కొంత పంచుకుంటుంది. మందం తగ్గిన కొద్దీ డిస్క్ త్వరగా వేడెక్కుతుంది, ఆ వేడి ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లోని బ్రేక్ ఆయిల్‌కు పాకుతుంది. చాలాకాలంగా మార్చని ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీలకు గాని మరగదు, తేమ పట్టినది 155 డిగ్రీల దగ్గరే మరిగే స్థితికి రావచ్చు. అప్పుడు ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. రెండేళ్లు దాటి ఉంటే ఆయిల్ కూడా ఇప్పుడే మార్పించండి.

కొత్త డిస్కులు వేయించినా, డిస్క్‌నూ చక్రాన్నీ బిగించే హబ్‌ను పట్టించుకోకపోతే పెట్టిన డబ్బు వృథా అవుతుంది. ఇది నా అనుభవం. కొన్నేళ్ల కిందట నా కారుకు కొత్త డిస్కులు వేయిస్తే మూడు నెలల్లో అదురు తిరిగి వచ్చింది. విప్పి చూస్తే డిస్క్ ఆనుకునే హబ్ ముఖం మీద ఎర్రటి తుప్పు పెచ్చు అలాగే ఉంది. దాన్ని గీకకుండానే బిగించేశారు. అంత సన్నని పెచ్చు చాలు, డిస్క్ ఒక పక్కకు ఒరిగి, చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడ్‌ను రాసుకుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లకు ఆ చోటు పలచబడుతుంది. కాబట్టి హబ్‌ను వైర్ బ్రష్‌తో లోహం మెరిసేదాకా శుభ్రం చేయించి, డయల్ గేజ్ (సన్నని తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి డిస్క్ ఒరుగుడు చూపించమని అడగండి. వీల్ నట్లను కూడా ఎదురెదురుగా, బిగింపును కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో బిగించమనండి.

ప్యాడ్లు తప్పనిసరిగా కొత్తవే వేయాలి. కొత్త డిస్కుల మీది నూనె పొరను తుడిపించండి. వేయించిన మర్నాడే కొండకు బయలుదేరకండి. వాహనాలు లేని వేళ కరకంబాడి రోడ్డులాంటి చోట 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 వరకు, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ పదిసార్లు తగ్గించండి. ఆ తరువాత కొద్ది రోజులు ఊళ్లోనే నడిపి, అప్పుడు స్వామి దర్శనానికి వెళ్లండి.

ప్రశ్న: ఎడమవైపు డిస్క్ మాత్రమే లోతుగా గాట్లు పడింది. అదొక్కటే మార్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, మురకంబట్టు, చిత్తూరు

జవాబు: వద్దండి. ముందువైపు రెండు చక్రాలకూ కలిపే మార్పించండి, లేకపోతే గట్టిగా బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగవచ్చు. అయితే ఎడమదే ఎందుకు చెడిందో కనిపెట్టకుండా బండి తెచ్చుకోకండి. కాలిపర్ జారే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోతే లోపలి ప్యాడ్ వెనక్కి రాకుండా రాసుకుంటూనే ఉంటుంది. చివరికి దాని ఇనుప పలకే డిస్క్‌ను కోస్తుంది. విప్పిన ప్యాడ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి మందంగా, మరొకటి పూర్తిగా అరిగి ఉంటే పిన్నులనే అనుమానించి, వాటిని శుభ్రం చేయించి, బ్రేకులకు వాడే గ్రీజే పూయించండి.