గంట మోగించినా నేరమే

"ఒబియా, షాంగో ఇవన్నీ చేతబడే కదా, బ్రిటిష్ వాళ్ళు నిషేధిస్తే తప్పేముంది?" అని ఒకరు అడిగారు. కరేబియన్ దీవులకి బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల ఆరాధన, మంత్రవైద్య పద్ధతులవి. ఆ దీవుల్లో ఒకటైన ట్రినిడాడ్‌లో మూడేళ్ళు ఉద్యోగం చేశాను కాబట్టి చెబుతున్నా. చేతబడి అన్నది వట్టి సాకు.

అక్కడి శాన్ ఫెర్నాండో ఊళ్ళో మా ఇంటి ఓనర్ ఎనభై దాటిన పెద్దావిడ. స్పిరిచువల్ బాప్టిస్టు. అందరూ మదర్ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆఫ్రికా ఆరాధన, క్రైస్తవం కలగలిసిన మతం వాళ్ళది. గిట్టనివాళ్ళు 'షౌటర్లు' అనేవారు, అంటే అరిచేవాళ్ళని. ఒక మార్చి 30న ఆవిడ వంటింటి అలమరలోంచి చిన్న ఇత్తడి గంట తీసి నా చేతిలో పెట్టింది. ఊపితే చప్పుడు లేదు. చూస్తే గంట నాలుకకి రంగు వెలిసిన గుడ్డపీలిక చుట్టి, గట్టిగా ముడి వేసి ఉంది.

"మా అమ్మ కట్టింది. ప్రార్థనలో గంట ఊపాలి, బయటికి వినపడకూడదు. నాకప్పుడు ఏడేళ్ళు. గడప దగ్గర కూర్చుని పోలీసులు వస్తున్నారేమో చూడటం నా పని" అంది.

షౌటర్ల ప్రార్థనల్ని నిషేధించే చట్టం ట్రినిడాడ్‌లో 1917లో వచ్చింది. తలకి తెల్లగుడ్డ, చేతిలో వెలిగించిన కొవ్వొత్తి, నేల మీద సుద్దగీతలు, మధ్యమధ్యలో గంట, ఒళ్ళు ఊగిపోవడం... ఇవే షౌటర్ల గుర్తులుగా చూసేవారు. ఇందులో చేతబడి ఎక్కడుందండీ? ఆ లెక్కన బోనాల్లో పూనకం వచ్చిన ప్రతి శివసత్తునీ జైల్లో వేయాలి. మన సినిమాల్లో పుర్రె, నిమ్మకాయ చూపించి 'ఆఫ్రికా క్షుద్రపూజ' అంటుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

తెల్లదొరల అసలు భయం తిరుగుబాటు. 1760లో జమైకాలో టాకీ నాయకత్వంలో బానిసలు తిరగబడ్డారు. వాళ్ళకి ధైర్యం నూరిపోసింది ఒబియా పెద్దలేనని ఆ ఏడాదే ఒబియా మీద చట్టం తెచ్చారు. జనం ఒకచోట చేరితే చాలు, దొరలకి టెన్షన్. మనవాళ్ళని మాత్రం వదిలారా? 1884లో ఇదే శాన్ ఫెర్నాండోలో చెరకుతోటల భారతీయ కూలీలు హోసే ఊరేగింపు తీస్తే, అంటే మన పీర్ల పండుగే, తుపాకులతో కాల్చారు.

షౌటర్ల చట్టం 1951 మార్చి 30న రద్దయింది. 1996 నుంచి ఆ రోజు అక్కడ సెలవు. "మరి ఇప్పుడైనా గుడ్డ విప్పొచ్చు కదా మదర్" అన్నాను.

"అది అమ్మ వేసిన ముడి. నా చేత్తో విప్పను" అని గంట మళ్ళీ అలమరలో పెట్టేసింది.