ఛాలెంజ్ మర్నాడు మూత్రం రంగు మారితే ‘వేడి’ అనుకోకండి

డాక్టర్ సలహా

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. అనంతపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. బరువు 66 కిలోలు. మా అమ్మకు బీపీ, షుగర్ ఉన్నాయి, నేనెప్పుడూ చూపించుకోలేదు. ఆరు నెలలుగా పొద్దున ఐదున్నరకు బాక్సింగ్ ఫిట్‌నెస్ క్లాసుకు వెళ్తున్నాను. మా బ్యాచ్‌లో ఆరుగురం ఆడవాళ్లం. ఈ ఊరికి వచ్చి నాలుగేళ్లయినా నాకంటూ ఎవరూ లేరు, ఇప్పుడు వీళ్లే నా ధైర్యం. ప్రతి ఆదివారం జంటలుగా ఛాలెంజ్ ఉంటుంది. వెయ్యి పంచ్‌లు, రెండు వందల స్క్వాట్స్. నెల రోజులుగా కుడి మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు నొప్పి. క్లాసుకు అరగంట ముందు మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర, గ్యాస్ మాత్ర వేసుకుంటే తెలియడం లేదు. సెలవులకు పుట్టింటికి వెళ్లి మూడు వారాల తర్వాత వచ్చాను. పది రోజుల కింద ఆదివారం ఛాలెంజ్ పూర్తి చేశాను. మర్నాడు తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోయాను, మూత్రం కూడా ముదురు రంగులో వచ్చింది. వేడి చేసిందని బార్లీ నీళ్లు తాగితే తగ్గిపోయింది. 12 ఔన్సుల గ్లవ్స్ తీసేసి 14 ఔన్సులవి కొంటే చేతి నొప్పి తగ్గుతుందా? ప్రోటీన్ పౌడర్ మొదలుపెట్టవచ్చా? నేను మానేస్తే నా జోడీ ఒక్కతే అయిపోతుంది, అందుకే వాళ్లకు నొప్పి సంగతి చెప్పలేదు.
(ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: అమ్మా, మీరు గ్లవ్స్ గురించి అడిగారు. నేను మాత్రం మూత్రం రంగు దగ్గరే ఆగిపోయాను. ఓపీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి ముందు అదే చెప్పేస్తాను. రేపటిలోగా ఏదైనా ల్యాబ్‌లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్త పరీక్ష), పొటాషియం, సీపీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), మూత్ర పరీక్ష చేయించి, ఒక ఫిజీషియన్‌కు చూపించండి. బీపీ కూడా చూడమనండి. నొప్పి మాత్ర ఈ రోజుతో ఆపేయండి.

మిమ్మల్ని పరీక్షించకుండా ఇదీ జబ్బు అని నేను చెప్పకూడదు. నీళ్లు తక్కువై కూడా మూత్రం ముదురుగా రావచ్చు. ఇన్‌ఫెక్షన్, కామెర్లు, కొన్ని విటమిన్ మాత్రలు కూడా రంగు మారుస్తాయి. కానీ మూడు వారాల విరామం, వచ్చీ రాగానే రెండు వందల స్క్వాట్స్, మర్నాడు మెట్లు దిగలేనంత పట్టేసిన తొడలు, ఆ వెంటనే రంగు మారిన మూత్రం, వీటన్నిటికీ తోడు నొప్పి మాత్ర. ఈ వరుస చూసిన ఏ డాక్టరైనా ముందు ఒక్కదాని గురించే ఆలోచిస్తారు. కండరం దెబ్బతిని కరిగి, అందులోని మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీల్లోకి చేరడం. దీన్నే రాబ్డోమయోలిసిస్ అంటాం. మూత్రం పాలు కలపని టీ డికాక్షన్ రంగులో వస్తుంది. తేలికగా ఉంటే సెలైన్‌తో, విశ్రాంతితో సర్దుకుంటుంది. ముదిరితే కిడ్నీ పని తగ్గిపోతుంది, పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది.

అలవాటు లేని కండరానికి, లేదా అలవాటు తప్పిన కండరానికి ఒక్కసారిగా పెద్ద పని పెట్టినప్పుడు ఇది వస్తుంది. స్క్వాట్‌లో పైకి లేచేటప్పటికన్నా కిందికి దిగేటప్పుడే తొడ కండరం ఎక్కువ దెబ్బ తింటుంది. సెలవులకు ముందు చేయగలిగింది కదా అని తిరిగొచ్చిన మొదటి వారమే అంత చేయకూడదు. సగం కూడా ఎక్కువే.

‘తగ్గిపోయింది’ అని రాశారు. మయోగ్లోబిన్ మూత్రంలో ఒకటి రెండు రోజులే కనిపిస్తుంది, ఆపైన రంగు మామూలైపోతుంది. సీపీకే కూడా కసరత్తు తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల్లో తారస్థాయికి వెళ్లి, తర్వాత దిగుతూ వస్తుంది. మీకు పది రోజులైంది కాబట్టి ఇప్పుడది మామూలుగా రావచ్చు. అంతమాత్రాన ఆ రోజు ఏమీ జరగలేదని కాదు. కిడ్నీ ఎలా ఉందో క్రియాటినిన్ చెబుతుంది, నాకు కావలసింది ప్రధానంగా అదే. ఈలోగా మూత్రం బాగా తగ్గినా, ముఖమో కాళ్లో ఉబ్బినా, వాంతులు, ఆయాసం, గుండె దడ వచ్చినా ల్యాబ్ కోసం ఆగవద్దు. నేరుగా జనరల్ ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి.

మన వైపు ‘వేడి చేసింది’ అనే మాట చాలా జబ్బుల్ని దాచేస్తోంది. మూత్రం మండినా వేడే, ముక్కులోంచి రక్తం కారినా వేడే, రంగు మారినా వేడే. బార్లీ నీళ్లను నేను తప్పు పట్టడం లేదు, మీరు తాగిన ఆ నీళ్లే బహుశా మీ కిడ్నీలను కాపాడి ఉండవచ్చు. కానీ బార్లీ తాగి తగ్గిందని పరీక్ష మానేస్తే, లోపల ఏం మిగిలిందో ఎవరికీ తెలియదు. పోయిన వేసవిలో పోలీసు ఉద్యోగానికి ప్రాక్టీసు చేస్తున్న ఒక కుర్రాడిని వాళ్ల నాన్న తీసుకొచ్చారు (వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను). ఎండలో పరుగు, గుంజీళ్లు, రాత్రి ఒళ్లు నొప్పులకు మాత్రలు. మూడు రోజులు వేడి అనుకుని సబ్జా నీళ్లు తాగించారు. నా దగ్గరకు వచ్చేసరికి క్రియాటినిన్ 6 దాటింది. నాలుగు సార్లు డయాలసిస్ చేయించాల్సి వచ్చింది. కోలుకున్నాడు. కానీ మొదటి రోజే వచ్చి ఉంటే సెలైన్‌తో పోయేదేమో అని ఆ తండ్రి అడిగితే నేను లేదనలేకపోయాను.

ఇక నొప్పి మాత్ర. పేరు మీరు రాయలేదు. మీకు కూడా తెలిసి ఉండదని నా అనుమానం. ఓపీలో రోజూ చూస్తుంటాను. పర్సులోంచి ఒక స్ట్రిప్ ముక్క తీసి బల్ల మీద పెడతారు. కత్తెరతో నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చిన ముక్క అది. వెనక వెండి కాగితం మీద సగం అక్షరాలు, తేదీ ఉన్న భాగం షాపులోనే ఉండిపోయి ఉంటుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందులు. ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్లే సన్నటి రక్తనాళాన్ని తెరిచి ఉంచడానికి శరీరం కొన్ని రసాయనాలు తయారు చేసుకుంటుంది. ఈ మాత్రలు ఆ రసాయనాల్నే ఆపుతాయి. చెమట పట్టని రోజు ఒక మాత్ర వేసుకోవడం వేరు. మన అనంతపురం ఎండల్లో పరగడుపున మాత్ర వేసుకుని గంటసేపు చెమటలు కక్కడం వేరు. జతగా ఇచ్చిన గ్యాస్ మాత్ర కడుపును కొంత కాపాడుతుంది, కిడ్నీని కాపాడదు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. ఈ మాత్రలు బీపీ కూడా పెంచుతాయి. అమ్మగారికి బీపీ, షుగర్ ఉన్నాయంటున్నారు, మీరేమో 39 ఏళ్లకు ఒక్కసారి కూడా చూపించుకోలేదు. ఇంత బరువైన కసరత్తు మొదలుపెట్టే ముందు చూపించుకోవాల్సింది, తల్లీ.

ఇంకొకటి, మీరు టీచర్ అని చెప్పారు కాబట్టి అడుగుతున్నాను. బడిలో బాత్రూమ్ సరిగా ఉండదని సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా గడిపే టీచర్లను నేను చాలామందిని చూశాను. మీరూ అంతేనా? పొద్దున క్లాసులో లీటరు చెమట పోగొట్టుకుని, తర్వాత ఎనిమిది గంటలు గుక్కెడు నీళ్లతో పాఠాలు చెబితే కిడ్నీకి రోజంతా పరీక్షే. క్లాసుకు ముందు ఒక పెద్ద గ్లాసు నీళ్లు, మధ్యలో గుక్కలు గుక్కలుగా, అయిపోయాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగండి. మధ్యాహ్నానికి మూత్రం లేత నిమ్మరంగులోకి రావాలి. అయితే క్రియాటినిన్ చూశాకే ఎంత తాగాలన్నది మీ డాక్టరు ఖాయం చేయాలి.

ఇప్పుడు చేతి సంగతి. కుడి చేతి బొటనవేలిని పైకి లేపి చూడండి. మణికట్టు దగ్గర, రెండు నరాల్లా తేలిన తాళ్ల మధ్య చిన్న గుంట పడుతుంది. ఎడమ చేతి వేలితో ఆ గుంటలో నొక్కండి. అక్కడ కలుక్కుమంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముకను అనుమానించాలి. గుద్దేటప్పుడు మణికట్టు వంగిపోయినా అది చిట్లవచ్చు. ఈ ఎముకకు రక్తం ఒక వైపు నుంచే ఎక్కువగా వస్తుంది, అందుకే పగులు ఉండగా చేయి వాడుతూ పోతే అతుక్కోకుండా మిగిలిపోతుంది. మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవడం కూడా మామూలే. కనుక ఎముకల డాక్టరుకు ‘బొటనవేలి వైపు, నెల రోజులుగా’ అని స్పష్టంగా చెప్పండి. అది స్నాయువు వాపు మాత్రమే కావచ్చు కూడా. తేలే వరకు కుడి చేత్తో పంచ్ వద్దు. జోడీకి ప్యాడ్స్ పట్టుకోవడం కూడా వద్దు, ఆమె గుద్దిన అదురు మీ మణికట్టుకే తగులుతుంది.

గ్లవ్స్ 14 ఔన్సులైతే మెత్త కొంచెం ఎక్కువ, అంతే. లోపల చేతికి చుట్టే బట్ట సరిగా చుట్టకపోతే ఏ గ్లవ్ అయినా మణికట్టును నిలబెట్టలేదు. ప్రోటీన్ పౌడర్ క్రియాటినిన్ రిపోర్టు చూశాకే. మనకు చెనిక్కాయలున్నాయి, వంద గ్రాముల్లో దాదాపు 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. పప్పు, గుడ్డు, పెరుగు ఉన్నాయి. ఇప్పటికి చాలు.

మీరు చివర్లో రాసిన మాట నన్ను ఎక్కువసేపు పట్టుకుంది. నాలుగేళ్ల ఒంటరితనం తర్వాత దొరికిన ఐదుగురు. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఈ వయసు ఆడవాళ్లకు ఇల్లు, ఉద్యోగం తప్ప తమదంటూ ఒక గంట దొరకడమే కష్టం. ఆ గంటకు మీరు ఎందుకు అంటిపెట్టుకున్నారో నాకు అర్థమవుతోంది. 2009లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు తమ పడవ పందేల జట్టులో 12 మందిని పరీక్షించారు. ఒక్కొక్కరు విడిగా తెడ్డు వేసినప్పటికన్నా, అదే శ్రమ అందరూ ఒకే లయలో చేసినప్పుడు వాళ్లు నొప్పిని ఎక్కువ ఓర్చుకోగలిగారు. కొలిచింది దేనితోనో తెలుసా? చేతికి బీపీ పట్టీ బిగించి. అంటే కలిసి కష్టపడడం శరీరానికి నిజంగానే ఒక నొప్పి మందు. మీకు స్నేహం రూపంలో ఒక మోతాదు, మాత్ర రూపంలో ఇంకో మోతాదు పడ్డాయి. చిట్లిన ఎముకైనా, కరుగుతున్న కండరమైనా అరిచి చెప్పినా మీకు వినపడదు. అందుకే జట్టుగా చేసేవాళ్లకు ఒంటరిగా చేసేవాళ్లకన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి.

నొప్పి సంగతి దాచడం మాత్రం మీరు చేసిన పొరపాటు. మీ జోడీకి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. మీ బదులు ఆమెకు ప్యాడ్స్ పట్టడానికి ఇంకో నలుగురున్నారు. డాక్టరు సరేనన్నాక మీరు కూడా ఐదున్నరకే వెళ్లండి, నడవండి, టైమ్ చూడండి, లెక్క పెట్టండి. ఆదివారం ఛాలెంజ్ గురించి కోచ్‌తో ఒక మాట మాట్లాడండి. సెలవు నుంచి వచ్చినవాళ్లకు, జ్వరం వచ్చి తగ్గినవాళ్లకు, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్రలు వాడేవాళ్లకు ఆ లెక్క పనికిరాదు. రెండు మూడు వారాలు పట్టినా మెల్లగా పెంచుకోవాలి. మర్నాడు పొద్దున ఆరుగురూ ఒకరినొకరు ‘ఒళ్లు ఎట్లుంది, మూత్రం ఏ రంగు’ అని అడుక్కోండి. సిగ్గుపడే విషయం కాదు. ఆ కుర్రాడిని మొదటి రోజే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ పరీక్షలకు పరగడుపున వెళ్లనక్కర్లేదు, స్కూలు అయ్యాక వెళ్లినా సరే. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు పర్సులో ఉన్న ఆ స్ట్రిప్ ముక్క తప్పకుండా పట్టుకెళ్లండి.