ముక్తినాథ్ తొవ్వలో: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కార్తీకం దగ్గరపడే కొద్దీ నల్లగొండ, పాలమూరు, నాగర్‌కర్నూల్ వైపు నుంచి నేపాల్‌లోని ముక్తినాథ్ గుడి యాత్ర ప్రశ్నలు ఎక్కువయ్యాయి. అందులో అందరికీ పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: మేం నలుగురు దోస్తులం. థొరాంగ్ లా కనుమ మీదుగా నడిచి సరిగ్గా కార్తీక పౌర్ణమి నాడు ముక్తినాథుని దర్శనం చేసుకోవాలని మొక్కుకున్నాం. పోను రాను పది రోజుల సెలవు ఉంది. సరిపోతదా? – మిర్యాలగూడ

జవాబు: సరిపోదు. కనీసం 16 రోజులు పెట్టుకోండి, లేదంటే కనుమ ఆలోచన మానుకొని పోఖరా నుంచి రోడ్డు మీద వెళ్లండి.

లెక్క ఇదీ. మొదటి రోజు ఖాట్మండు. రెండో రోజు బస్సులో బేసీసహర్ (సుమారు 760 మీటర్లు). మూడో రోజు జీపులో చామె (2,670). అక్కడి నుంచి నడక: నాలుగో రోజు పిసాంగ్ (3,200), ఐదో రోజు మనాంగ్ (3,540). ఆరు, ఏడు రోజులు మనాంగ్‌లోనే. పగలు పక్క కొండ మీదికి మూడు నాలుగు వందల మీటర్లు ఎక్కి, రాత్రికి దిగొచ్చి పడుకోవాలి. ఎనిమిదో రోజు యాక్ ఖర్క (సుమారు 4,050), తొమ్మిదో రోజు థొరాంగ్ ఫేది (4,450). పదో రోజు చీకటితోనే బయల్దేరి 5,416 మీటర్ల కనుమ దాటి ముక్తినాథ్ వైపు దిగడం. దర్శనం, జోమ్‌సోమ్, పోఖరా, ఖాట్మండు, ఇల్లు కలిపితే పద్నాలుగు. మిగతా రెండు రోజులు వానకో, మంచుకో, తలనొప్పికో.

ఈ లెక్కకు మూలం పగలు ఎంత ఎత్తు ఎక్కామన్నది కాదు, రాత్రి ఏ ఎత్తున పడుకున్నామన్నది. 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తు రోజుకు సుమారు 500 మీటర్లకు మించి పెరగొద్దు; ప్రతి మూడు నాలుగు రోజులకు ఒక రాత్రి అదే ఎత్తులో ఆగాలి. కనుమ మీద గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదాంట్లో సగమే. అంత తక్కువ ప్రాణవాయువుకు ఒళ్లు అలవాటు పడటానికి రోజులు పడుతుంది, కండబలంతో పని జరగదు. ఇప్పుడు మనాంగ్ దాకా జీపులు పోతున్నాయి. సెలవు తక్కువున్న వాళ్లు 760 నుంచి 3,540కి ఒకేసారి ఎగబాకి, తెల్లారి నుంచి వాంతులతో పడుకోవడానికి కారణం అదే.

తిథి పట్టుదల ఇంకో చిక్కు. సలేశ్వరం జాతర అంటే చైత్ర పౌర్ణమికే పోతాం, అది మన నల్లమల కాబట్టి నడుస్తది. ఇక్కడ "పౌర్ణమి ఎల్లుండే" అనుకుంటే ముందు ఎగిరిపోయేది మనాంగ్‌లో ఆగాల్సిన రోజే. మొక్కు మాసానికి కట్టుకోండి, తిథికి వద్దు.

వాతావరణం సంగతి మన వాళ్లకు బాగా అర్థమయ్యేలా చెప్పాలంటే, 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ గుర్తుంది కదా. ఆ తుపాను మిగులే రెండు రోజులకు, 14న, ఈ కొండల మీద మంచై కురిసింది. అన్నపూర్ణ, ధౌలగిరి ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. బంగాళాఖాతంలో వాయుగుండం అని వింటే ఎంత ఎండ కాస్తున్నా మనాంగ్‌లోనే ఆగిపోండి.

తలనొప్పికి తోడు వికారం, నీరసం, తల తిప్పడం ఉంటే ఆ రోజు పైకి కదలొద్దు. అనుమానమొస్తే నేల మీద గీత గీసి, మడమకు బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు వేయించండి. తూలితే మెదడు వాపు అనే అనుకోండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గితే నురగ రావడం ఊపిరితిత్తుల్లో నీరు చేరిన గుర్తు. రెండింటికీ తెల్లారేదాకా చూడొద్దు. వెంటనే తోడిచ్చి కిందికి దించాలి. అసిటజోలమైడ్ మాత్ర (మామూలుగా 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి) ఇంటి దగ్గరే డాక్టరును అడిగి రాయించుకోండి. సల్ఫా మందులు పడని వాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ రావడం ఆ మాత్ర గుణాలే. అది వేసుకున్నా లక్షణాలుంటే ఎక్కొద్దు.

ప్రశ్న: నేను శనివారం, ఏకాదశి ఉపవాసం తప్పను. ఉల్లి, వెల్లుల్లి తినను. నడకలో కుదురుతుందా? – వనపర్తి

జవాబు: తిండి కుదురుతుంది, ఉపవాసం కుదరదు. దారి పొడవునా టీ హౌసుల్లో (బస, భోజనం దొరికే ఇళ్లు) పప్పు, అన్నం, కూర ఉంటాయి. "ప్యాజ్, లసున్ వద్దు" అని వండకముందే చెప్పండి. నేపాలీలోనూ అవే మాటలు. వెల్లుల్లి సూపు ఎత్తుకు మందని పెట్టబోతారు, తాగకపోతే వచ్చే నష్టమేమీ లేదు. ఫేది ఎత్తులో నీళ్లు దాదాపు 85 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కరు పెట్టని చోట పప్పు పలుకుగానే ఉంటుంది, వంటాయనను తిట్టి లాభం లేదు.

ఉపవాసం ఎందుకు వద్దంటే, ఆకలి తలనొప్పి, దాహం తలనొప్పి, ఎత్తు తలనొప్పి మూడూ ఒకేలా ఉంటాయి. రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగి, కడుపు నిండా తిని కూడా తల నొస్తుంటేనే అసలు కారణం తేలుతుంది. నిర్జలం మాట అసలే వద్దు. ఆ ఒక్క ఏకాదశికి అన్నం మానేసి ఆలుగడ్డ, పాలు, పల్లి పట్టీలు తీసుకుంటే నియమమూ ఉంటుంది, కాళ్లూ నడుస్తాయి. ఇంటి నుంచి తలా ఒక కిలో పల్లి పట్టీలు, నువ్వుల ముద్దలు చాలు. మలీద ముద్దలు నాలుగు రోజులకే వాసనొస్తాయి, మోయకండి.

ప్రశ్న: 108 ధారల కింద స్నానం చెయ్యాలి. మాలలో ఉంటాను కాబట్టి చెప్పులు వేసుకోను. చలి తట్టుకోవచ్చా? – అచ్చంపేట

జవాబు: చెప్పులు లేకుండా కనుమ దాటడం కుదరదు. మంచు మీద వేళ్లకు ముందు నొప్పి, తర్వాత తిమ్మిరి, ఆ తర్వాత ఏమీ తెలియదు; ఆ ఏమీ తెలియనప్పుడే వేళ్లు పోతాయి. మాల వేసుకునే ముందే గురుస్వామిని అడగండి, లేదా యాత్ర ముగిశాక వేసుకోండి. గుడి ప్రాకారంలో మాత్రం వట్టి కాళ్లతో నడవొచ్చు.

ఇక స్నానం. గుడి వెనుక అర్ధచంద్రంలా వంగిన గోడకు ఎద్దు తల ఆకారంలో ఇత్తడి ధారలు మనిషి తల కంటే కాస్త ఎత్తున వరసగా ఉంటాయి. నీళ్లు మంచు కరిగినవి. కనుమ దిగిన సాయంత్రం మాత్రం చేయొద్దు. ఒంట్లో వేడి పుట్టించే శక్తి అప్పటికే అయిపోయి ఉంటుంది. ఆ రాత్రి తిని పడుకొని, మర్నాడు ఎండ గోడ మీద పడ్డాక వెళ్లండి. పొద్దున్నే అయితే బండల మీద నీళ్లు గడ్డకట్టి కాలు జారుతుంది. పొడి పంచె, తువ్వాలు, ఉన్ని టోపీ పట్టుకొని ఒకరు చివరి ధార దగ్గర నిలబడాలి. ఆగకుండా, పరుగెత్తకుండా ఒక్క విడత సాగిపోండి. బయటికి రాగానే మొదట తల తుడవాలి, తడి బనీను విప్పాలి, తర్వాతే ఫొటోలు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, తల నొస్తున్నవాళ్లు దోసిట్లో పట్టి చల్లుకుంటే చాలు. ముందున్న రెండు కుండాల్లో మునగడం అందరికీ అవసరం లేదని మా అభిప్రాయం.

ప్రశ్న: అమ్మకు 62 ఏళ్లు, షుగరు, బీపీ. విమానంలో తీసుకుపోవచ్చా? – నకిరేకల్

జవాబు: డాక్టరు సరేనంటే పోవచ్చు. పోఖరా (820) నుంచి జోమ్‌సోమ్ (సుమారు 2,700) విమానం ఇరవై నిమిషాలే. కాళీగండకి లోయలో మధ్యాహ్నానికి గాలి రేగుతుంది కాబట్టి పొద్దున పూటే తిరుగుతుంది. రద్దయితే ఒక రోజు పోయినట్టే. దిగిన రోజే జీపెక్కి 3,700 మీటర్ల ముక్తినాథ్‌లో రాత్రి ఉండొద్దు. జోమ్‌సోమ్‌లోనో కాగ్‌బేనీలోనో రెండు రాత్రులు పడుకొని, మూడో పొద్దున వెళ్లి దర్శనమయ్యాక మళ్లీ కిందికి వచ్చేయండి. జీపు దిగాక గుడిదాకా ఎక్కుడు ఉంది, గుర్రం దొరుకుతుంది. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు; దాన్నీ షుగరు చూసే మిషన్‌నూ బట్టల లోపల, ఒంటికి ఆనించి పెట్టండి.

ప్రశ్న: రోజూ చెర్వుగట్టు మెట్లెక్కితే ఆ ఎత్తు అలవాటవుతుందా? – నార్కట్‌పల్లి

జవాబు: కాళ్లకు అలవాటవుతుంది, ఎత్తుకు కాదు. అయినా మానకండి. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కకముందు బండలెక్కడం నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీదే. మీరు ఎక్కడం కంటే దిగడం మీద దృష్టి పెట్టండి. కనుమ నుంచి ముక్తినాథ్‌కు ఒకే పూట 1,600 మీటర్ల దిగుడు, అంటే భువనగిరి గుట్టను పది సార్లు దిగినంత. మోకాళ్లు అక్కడే మొరాయిస్తాయి. సంచిలో ఆరు కిలోల బియ్యం వేసుకొని, అక్కడ వేసుకోబోయే బూట్లతోనే, వారానికి నాలుగు రోజులు, రెండు నెలలు. కొత్త బూట్లతో బయల్దేరిన వాళ్లకు పిసాంగ్‌కే బొబ్బలు లేస్తాయి.

ప్రశ్న: ఆధార్ కార్డు సరిపోతుందా? పూజ సామాను వెంట తీసుకుపోవచ్చా? – మహబూబ్‌నగర్

జవాబు: వీసా అక్కర్లేదు. కానీ విమానంలో పోవాలంటే పాస్‌పోర్టు, లేదా అసలు ఓటరు కార్డు ఉండాలి. 15 ఏళ్ల లోపు, 65 దాటిన వాళ్లకే ఆధార్ చెల్లుతుంది. కర్పూరం, అగ్గిపెట్టె, ఎండుకొబ్బరి బ్యాగులో కనిపిస్తే విమానాశ్రయంలో తీసేయిస్తారు. మొదటి రెండూ ఇట్టే అంటుకునేవి, కొబ్బరిలో నూనె ఉండి వేడెక్కుతుంది. పసుపు, కుంకుమ, వత్తులు ఇక్కడి నుంచి పట్టుకుపోయి మిగతావి పోఖరాలో కొనుక్కోండి.